వద్దని రాసివ్వగల ఏజెన్సీ

రెండు వారాల క్రితం పొద్దున్నే ఫోన్ వచ్చింది. ఒకప్పుడు నా దగ్గర ప్రచార విభాగంలో పని నేర్చుకున్న అమ్మాయి. ఇప్పుడు మరో ప్రభుత్వ సంస్థలో ఉంది. ప్రభుత్వ ప్రచారాలు చేసిపెట్టే ఏజెన్సీని ఎంపిక చేసే కమిటీలో కూర్చోవడం తనకి ఇదే మొదటిసారి. "మేడం, నాలుగు ప్రెజెంటేషన్లు చూశాం. నాలుగూ బాగానే ఉన్నాయి. వచ్చే వారం మార్కులు వెయ్యాలి. ఒకటే టెన్షన్‌గా ఉంది. మీరైతే ఏం చూస్తారు?" అని అడిగింది. ఆ ఏజెన్సీల పేర్లు నేను అడగలేదు, తను చెప్పలేదు. కమిటీ గది దాటి రాకూడని సంగతులవి.

అప్పటికి తోచింది చెప్పాను గానీ, ఫోన్ పెట్టేశాక తృప్తిగా అనిపించలేదు. పదిహేనేళ్లలో ఆరుసార్లు ఇలాంటి కమిటీల్లో కూర్చున్నాను. అందులో రెండుసార్లు తప్పు ఏజెన్సీని ఎంచుకున్నామని ఇప్పుడు నాకు తెలుసు. ఆ రెండుసార్లూ ఏ నిబంధనా మీరలేదు, మార్కుల పట్టికలో ఒక్క కూడిక కూడా తప్పు పోలేదు. అందుకే ఈసారి తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ప్రభుత్వ పనికి ఏజెన్సీని ఎంచుకునేటప్పుడు అందరం "మేం చేస్తాం" అనే మాట ఎవరు గట్టిగా అంటారా అని చూస్తాం. నేను మాత్రం ఇప్పుడు చూసేది ఒకటే: అవసరం వచ్చినప్పుడు "ఇది వద్దు" అని మనకి కాగితం మీద రాసివ్వగల సత్తా ఆ ఏజెన్సీకి ఉందా? సృజన, పరిచయాలు, రేటు, అన్నీ దాని తర్వాతే.

పదిహేడు ఫోన్లు

ఈ అభిప్రాయం నాకు చదివితే వచ్చింది కాదు. ఒక పథకంలో పేరు నమోదు చేసుకోమని జనానికి చెప్పే ప్రచారం మాకు అప్పగించారు. మేం ఎంచుకున్నది పెద్ద ఏజెన్సీ. ప్రెజెంటేషన్‌కి వచ్చినవాళ్లు తలపండిన వాళ్లు, మాట నేర్పున్న వాళ్లు. వర్క్ ఆర్డర్ చేతికి వెళ్లాక వాళ్లు మళ్లీ కనిపించలేదు. వాళ్ల బదులు ముగ్గురు కుర్రవాళ్లు వచ్చారు. కష్టపడ్డారు, కాదనను. ప్రకటన కూడా నిజంగానే బాగా వచ్చింది. రేడియోలో మొదలైన రోజు నుంచే హెల్ప్‌లైన్‌కి ఫోన్లు ముంచెత్తాయి. ఆ హెల్ప్‌లైన్‌లో కూర్చున్నది నలుగురు.

మూడు రోజులు ఎవరు ఫోన్ చేసినా ఎంగేజ్. నాలుగో రోజు ఒక పెద్దాయన నేరుగా ఆఫీసుకే వచ్చాడు. తను ఎప్పుడెప్పుడు ఫోన్ చేశాడో టైములతో సహా ఒక కాగితం మీద రాసుకొచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. లెక్కపెట్టాను. పదిహేడు సార్లు. ఆయన అరవలేదు. "ఫోన్ చెయ్యండి అని మీరే చెప్పారు కదమ్మా" అన్నాడంతే.

ప్రచారం ఆపేశాం. తర్వాత జరిగిన సమీక్షలో ఆ ముగ్గురిలో ఒకబ్బాయి తల దించుకుని అన్నాడు: "మాకు ముందే అనిపించింది మేడం, నలుగురితో ఆగదని. కానీ అప్పటికే తేదీ మీరు ఖాయం చేసేశారు కదా, చెబితే బాగుండదేమో అని ఊరుకున్నాం."

ఆ అబ్బాయి మీద నాకు కోపం రాలేదు. ఆ మాట అనగలిగే చోటు మేం అతనికి ఇవ్వలేదు, అతని కంపెనీ కూడా ఇవ్వలేదు. హెల్ప్‌లైన్‌లో ఎంతమంది ఉన్నారో కనుక్కోవడం ముందు నా పని. అది నేను చెయ్యలేదు. అయినా ఇలాంటి చోట్లే బయటి కన్ను పనికొస్తుంది. లోపల ఉన్నవాళ్లకి అలవాటైపోయి కనబడనిది బయటి నుంచి వచ్చినవాళ్లకి కనబడుతుంది. వాళ్లకి కనబడింది కూడా. చెప్పలేదు.

సబ్బు ప్రకటన బెడిసికొడితే జనం ఇంకో సబ్బు కొనుక్కుంటారు. ప్రభుత్వ సేవకి ఇంకో బ్రాండు ఉండదు. పదిహేడుసార్లు విసిగిన మనిషి రెండోసారి మన ప్రకటన విని కదలడు, పక్కింటివాళ్లని కూడా కదలనివ్వడు. 2013 అక్టోబరు 1న అమెరికాలో హెల్త్‌కేర్ డాట్ గవ్ అనే ఆరోగ్య బీమా వెబ్‌సైట్ తెరిచినప్పుడు లక్షల మంది దాని మీదికి వచ్చారు. మొదటి రోజు నమోదు పూర్తి చేయగలిగింది ఆరుగురు. మా హెల్ప్‌లైన్ దాని ముందు చాలా చిన్న సంగతి. జరిగింది మాత్రం అదే. పిలిచేవాళ్లు ఒకరు, తలుపు తీసేవాళ్లు మరొకరు. మధ్యలో మాట లేదు.

అడగాల్సిన కాగితం లేని ఫైళ్లు

కెనడా స్పాన్సర్‌షిప్ కుంభకోణం గురించి ఈ పనిలో ఉన్నవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. దాన్ని అందరూ రాజకీయ కథగా చెప్పుకుంటారు. నాకు మాత్రం అందులో 12, 3 అనే రెండు అంకెలే గుర్తుంటాయి. 1995 క్యూబెక్ రెఫరెండం తర్వాత, సమాఖ్య ప్రభుత్వం పేరు జనానికి కనబడేలా ఉత్సవాలకీ పోటీలకీ డబ్బిచ్చారు. ఆ డబ్బు ఏజెన్సీల చేతుల మీదుగా వెళ్లేది. అలా వెళ్లినందుకు ఒక ఏజెన్సీకి 12 శాతం, ఇంకో ఏజెన్సీకి 3 శాతం కమీషన్. 2004 ఫిబ్రవరిలో ఆడిటర్ జనరల్ షీలా ఫ్రేజర్ నివేదిక వచ్చేసరికి తేలిందేమిటంటే, 25 కోట్ల డాలర్ల కార్యక్రమంలో 10 కోట్లకు పైగా ఫీజులు, కమీషన్ల రూపంలో ఏజెన్సీలకే చేరింది. ఆర్‌సీఎంపీ పోలీసు దళం 125వ వార్షికోత్సవం పేరున ఖర్చైన సుమారు 30 లక్షల డాలర్లలో దాదాపు 13 లక్షలు ఏజెన్సీల దగ్గరే ఆగిపోయాయి. ఎన్నో ఫైళ్లలో ఆ డబ్బుకి ఏం పని జరిగిందో చెప్పే కాగితమే లేదు. ఆ తర్వాత కొందరు ఏజెన్సీ యజమానులు జైలుకి కూడా వెళ్లారు.

అక్కడ జరిగింది మోసం కాబట్టి మనకి సంబంధం లేదనుకోవచ్చు. నేను అలా అనుకోను. "ఒక చెక్కు ఇక్కడి నుంచి అక్కడికి చేర్చడానికి మా అవసరం ఏముంది?" అని ఏజెన్సీ అడిగే ఒక్క ఉత్తరం ప్రతి ఫైల్లోనూ ఉండాల్సింది.

రెండో ఉదాహరణ అమెరికా విద్యాశాఖది. కెచమ్ అనే పెద్ద పీఆర్ (ప్రజా సంబంధాల) సంస్థ ద్వారా, ప్రభుత్వ విద్యా చట్టాన్ని మెచ్చుకుంటూ మాట్లాడేందుకు ఒక టీవీ వ్యాఖ్యాతకి 2,40,000 డాలర్ల కాంట్రాక్టు ఇచ్చారు. డబ్బు ప్రభుత్వం నుంచి వస్తోందని ఆయన మాటలు వింటున్నవాళ్లకి తెలియదు. 2005 సెప్టెంబరులో ప్రభుత్వ ఖర్చుని తనిఖీ చేసే గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీస్ దాన్ని చట్టం ఒప్పుకోని రహస్య ప్రచారమని తేల్చింది. ప్రభుత్వంలో ఎవరో అడిగారు, ఏజెన్సీ చేసిపెట్టింది. "ప్రభుత్వ సొమ్మని ముందే చెబితేనే చేస్తాం" అన్న ఒక్క షరతు పెట్టి ఉంటే ఆ ప్రచారమూ బతికేది, ఆ ఏజెన్సీ పేరూ నిలిచేది.

మూడోదాంట్లో మోసమే లేదు. నాకు ఎక్కువ ఉపయోగపడింది కూడా అదే. అమెరికా నేషనల్ గార్డ్ సైన్యంలోకి యువకులని రాబట్టాలని నాస్కార్ కారు పందేల స్పాన్సర్‌షిప్ మీద 2012లో 2.65 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టింది. ఆ పందేల ద్వారా ఆసక్తి చూపినవాళ్లు దాదాపు 24,800 మంది. వాళ్లలో అర్హత ఉన్నవాళ్లు 20 మంది. చేరినవాళ్లు ఒక్కరూ లేరు. ఇది 2014లో సెనేట్ విచారణ దాకా వచ్చింది. సంస్థ పేరు జనంలో నిలబడటం కూడా లాభమేనని గార్డ్ వాదించింది. ఆ వాదనలో కొంత నిజం ఉంది, తీసిపారెయ్యను. కానీ 24,800 నుంచి 20కి పడిపోయిన అంకె ఏ నెల రిపోర్టులోనైనా కనబడగానే "ఇక్కడ ఆగి ఆలోచిద్దాం" అనేవాళ్లు ఉండాలి. ప్రచారానికి పెట్టే ఖర్చులో ఇంత శాతం అని ఫీజు తీసుకునే ఏజెన్సీ ఆ మాట అంటే తన ఆదాయాన్ని తనే తగ్గించుకుంటుంది. అందుకే కమీషన్ పద్ధతిలో డబ్బిచ్చే చోట వద్దనే మాట ఆశించడం కష్టం. పనికి ఇంత అని ఫీజు కట్టడం మంచిదని నేను ప్రతి కమిటీలోనూ వాదిస్తూ వచ్చాను.

రిపోర్టుల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. "ఈ నెల పత్రికల్లో వచ్చిన వార్తలకి ప్రకటన విలువ ఇంత" అని, అంటే అంత చోటు ప్రకటనకి కొంటే ఇంత ఖర్చయ్యేదని, ఒక పేద్ద అంకె మొదటి పేజీలో వేసుకొచ్చే ఏజెన్సీలు ఇప్పటికీ ఉన్నాయి. ఈ లెక్కకి అర్థం లేదని ఆ రంగం వాళ్లే 2010లో బార్సిలోనా సూత్రాల పేరుతో ఒప్పుకున్నారు. ఇంకా దాన్ని పట్టుకొస్తున్నారంటే మనకి ఏది ఇష్టమో కనిపెట్టి అదే చూపిస్తున్నారని అర్థం.

మార్కులు ఎటు మొగ్గుతాయి

క్వాలిటీకి 70, ధరకి 30 అనే పద్ధతి చాలామందికి న్యాయంగా కనిపిస్తుంది. అందరికంటే తక్కువ ధరకి పూర్తి 30, మిగతావాళ్లకి ఆ నిష్పత్తిలో తక్కువ. ఒకసారి లెక్క వేసి చూడండి. మొదటి ఏజెన్సీకి టెక్నికల్‌లో, అంటే క్వాలిటీలో, 90 మార్కులు, దాని ధర 100 అనుకుందాం. రెండోదానికి 75 మార్కులు, ధర 60. మొదటిదానికి టెక్నికల్ వాటా 63, ధర వాటా 18, మొత్తం 81. రెండోదానికి 52.5, ధర తక్కువ కాబట్టి పూర్తి 30, మొత్తం 82.5. పదిహేను మార్కులు వెనకబడ్డ ఏజెన్సీ గెలిచింది. నలభై శాతం తక్కువకి పని ఎలా చేస్తుంది? అనుభవం ఉన్నవాళ్లని తీసేసి ఆ ముగ్గురు కుర్రవాళ్లని పంపి చేస్తుంది. ఆ కుర్రవాళ్లు మనకి ఎదురు చెప్పలేరు. వద్దనే మాటకి ఖర్చవుతుంది, ఆ ఖర్చు ధరలో కనిపించదు.

ఇక టెక్నికల్ మార్కుల సంగతి. ఇది చెప్పడం నాకు కష్టంగా ఉంది. ఇంకో ఎంపికలో ఒక చిన్న ఏజెన్సీ వచ్చింది. ప్రెజెంటేషన్ ఇచ్చినావిడ పది నిమిషాలు మాట్లాడాక ఆగి, "మీరు రాసిన బ్రీఫ్‌లో (పని వివరాల కాగితంలో) గడువు ఆరు వారాలు. మీరు చేరాలనుకునే వాళ్లలో సగం మంది మాట్లాడే భాషల్లో మీ దరఖాస్తు ఫారమే లేదు. ముందు ఫారం రానివ్వండి, ప్రచారం తర్వాత మొదలుపెడదాం" అన్నారు. గదిలో ఒక్కసారి నిశ్శబ్దం. తర్వాత మార్కులు వేసేటప్పుడు ఒక సభ్యుడు "మనం అడిగింది వదిలేసి వేరేది చెబుతున్నారు" అన్నారు. పని పరిధి మీద అవగాహన అనే కాలమ్‌లో అందరం తక్కువ వేశాం. నేనూ వేశాను. ఆ గదిలో ఆ పని పరిధి నిజంగా అర్థమైంది ఆవిడ ఒక్కరికే. అది నాకు తెలియడానికి ఎనిమిది నెలలు పట్టింది.

నన్ను ఆపే ప్రశ్నలు

ఇంత చెప్పాక కూడా నాకు కొన్ని అనుమానాలున్నాయి. వాటిని దాటవేసి ముందుకి పోలేను.

మొదటిది మా పాత డైరెక్టర్ గారు అడిగిన ప్రశ్న. "నిర్ణయాలు తీసుకోవడానికి జనం ఎన్నుకున్న ప్రభుత్వం ఉంది. ఏజెన్సీ ఎవరమ్మా వద్దనడానికి?" ఇది తేలిగ్గా తీసుకోవలసిన మాట కాదు. విధానం ఎలా ఉండాలో చెప్పే హక్కు ఏజెన్సీకి లేదు, ఉండకూడదు కూడా. నేను అడిగేది అంతకంటే చిన్నది. "ఈ ప్రచారం ఈ తేదీన మొదలుపెడితే ఈ నష్టం రావచ్చు" అని రాసివ్వాలి. అది చదివాక కూడా మొదలుపెట్టమని అధికారి సంతకం పెడితే, మారుమాట లేకుండా చెయ్యాలి. నిర్ణయం అధికారిదే. ఏం తెలిసి ఆ నిర్ణయం తీసుకున్నారో ఫైల్లో ఉండటమే నాకు కావాల్సింది. 2019 సెప్టెంబరు, అక్టోబరుల్లో బ్రిటన్ ప్రభుత్వం బ్రెగ్జిట్‌కి (ఐరోపా సమాఖ్య నుంచి బయటికి రావడానికి) సిద్ధం కండి అంటూ నడిపిన ప్రచారానికి 4.6 కోట్ల పౌండ్లు ఖర్చైంది. గడువే వాయిదా పడింది. దానివల్ల జనం ఎక్కువ సిద్ధమయ్యారని స్పష్టంగా చెప్పలేమని మరుసటి జనవరిలో నేషనల్ ఆడిట్ ఆఫీస్ రాసింది. ఆ ప్రచారం చేయాలా వద్దా అన్నది ప్రభుత్వ నిర్ణయమే. కానీ ఆడిట్‌వాళ్లు ఫైలు తెరిచేసరికి అందరూ వెతికేది ఒకటే: ముందే ఎవరైనా హెచ్చరించారా?

రెండో అనుమానం ఇంకా పదునైనది. వద్దనడం మంచి మార్కులు తెస్తుందని తెలిస్తే ఏజెన్సీలు వద్దనడం కూడా రిహార్సల్ చేసుకొస్తాయి. నిజమే. ఒకసారి చూశాను కూడా. "మేం మీతో నిజాయితీగా ఉంటాం, అవసరమైతే విభేదిస్తాం" అని స్లైడ్ మీద పెద్ద అక్షరాలతో రాసుకొచ్చారు. దేనితో విభేదిస్తారని అడిగితే జవాబు లేదు. తేడా తెలుసుకోవడానికి నాకు తెలిసిన దారి ఒకటే, వివరం అడగడం. నిజంగా అభ్యంతరం ఉన్నవాళ్లు మన బ్రీఫ్‌లో పేజీ నంబర్ చెబుతారు.

మూడోది నన్ను ఎక్కువ బాధపెట్టేది. మనం బిల్లులు నెలల తరబడి ఆపుతాం. చిన్న ఏజెన్సీ జీతాలు మన సంతకం మీద ఆధారపడి ఉంటాయి. అలాంటి చోట ఎవరు ఎదురు చెబుతారు? చెప్పిన ఏజెన్సీ బిల్లు ఇంకో నెల ఆలస్యమైతే అది కాకతాళీయమని వాళ్లు ఎలా నమ్ముతారు? అర్హత నిబంధనల్లో మూడేళ్ల టర్నోవర్, భారీ ధరావతు పెట్టి చిన్నవాళ్లని మొదటే తప్పిస్తాం. పెద్దవాళ్లు డబ్బు ఆలస్యమైనా తట్టుకోగలరు కాబట్టి వాళ్లే ఎదురు చెప్పగలరనే వాదన ఒకటుంది. నా అనుభవంలో అలా జరగలేదు. పెద్ద ఏజెన్సీకి మనం పది ఖాతాల్లో ఒకటి. మిగతా తొమ్మిది ఖాతాల్లో సగం ప్రభుత్వానివే అయినప్పుడు ఎక్కడా మాట పడకూడదని చూసుకుంటుంది. చిన్నదా పెద్దదా అనేదానికి నా దగ్గర సూత్రం లేదు. బిల్లుకి తేదీ పెట్టి, ఆ తేదీకి చెల్లిస్తే రెండు రకాలవాళ్లూ కాస్త ధైర్యంగా మాట్లాడతారని మాత్రం చూశాను.

ఇప్పుడు నేను అడిగేవి

ఇప్పుడు ఏ కమిటీలో కూర్చున్నా టెండర్ కాగితాలు తయారయ్యేటప్పుడే కొన్ని రాయించమని పట్టుబడతాను. తర్వాత అడిగితే అందరికీ సమానంగా ఉండదు. పనిలో ఉండబోయే మనుషులే ప్రెజెంటేషన్ ఇవ్వాలి. వాళ్లలో ఎవరిని మార్చాలన్నా మన ఒప్పుకోలు కావాలి. మంచి ప్రచారాల నమూనాలతో పాటు అనుకున్న ఫలితం రాని ఒక ప్రచారం గురించి రెండు పేజీలు రాసి ఇవ్వాలి: ఎప్పుడు తెలిసింది, ఎవరికి చెప్పారు, ఏం మార్చారు. ఆ రెండు పేజీలు నేను మిగతా రెండువందల పేజీల కంటే శ్రద్ధగా చదువుతాను. "అనుకోని పరిస్థితుల వల్ల" అని ఉంటే పక్కన పెడతాను. "మా అంచనా తప్పు, మూడో వారంలో తెలిసింది, నాలుగో వారంలో చెప్పాం" అని ఉంటే ఆ ఏజెన్సీతో మాట్లాడాలనిపిస్తుంది.

పాత క్లయింట్లకి ఫోన్ చేసినప్పుడు "పని బాగా చేశారా" అని అడగను. ఆ ప్రశ్నకి అందరూ బాగా చేశారనే అంటారు. "మీరు చెప్పింది వాళ్లు ఎప్పుడైనా కాదన్నారా? అప్పుడు మీరేం చేశారు?" అని అడుగుతాను. ఒకసారి అవతలివైపు అధికారి కొంచెంసేపు ఆగి, "ఒకసారి కాదన్నారు. అప్పుడు చాలా కోపం వచ్చింది. తర్వాత వాళ్లు చెప్పిందే సరైందని తేలింది" అన్నారు. అంతకంటే మంచి సిఫారసు ఉత్తరం నేను చూడలేదు.

ఇంకో చిన్న సంగతి. ఇది వద్దనడానికి సంబంధించింది కాదు గానీ చెప్పకుండా ఉండలేను. సోషల్ మీడియా పేజీలు, వెబ్‌సైట్ పాస్‌వర్డ్‌లు మొదటి రోజు నుంచే మన పేరు మీద ఉండాలి. ఒక ఒప్పందం ముగిశాక మా పేజీ తెరవడానికి కావలసిన ఓటీపీ, ఏజెన్సీ మానేసి వెళ్లిపోయిన ఉద్యోగి సొంత ఫోన్‌కి వెళ్లేది. పదకొండు రోజులు మా పేజీలో మేమే ఏమీ రాయలేకపోయాం.

ఇవన్నీ ఆ అమ్మాయికి ఒక మెయిల్‌లో రాసి పంపాను. టెండర్ ఎప్పుడో వెళ్లిపోయింది కాబట్టి కొత్త షరతులు పెట్టడానికి వీల్లేదు. కానీ అవగాహన అనే శీర్షిక కింద వివరణ అడిగే అవకాశం ఆ కాగితాల్లోనే ఉందట. చైర్మన్ గారితో మాట్లాడి, నాలుగు ఏజెన్సీలకీ ఒకే ప్రశ్న, ఒకే గడువుతో రాతపూర్వకంగా పంపించింది: మా బ్రీఫ్‌లో మీరు మార్చాలనుకునేది ఏమిటి, ఎందుకు?

నిన్న రాత్రి మళ్లీ ఫోన్ చేసింది. జవాబులు వచ్చాయట. ఎవరేం రాశారో చెప్పలేదు, నేనూ అడగలేదు. "ఒక జవాబు చదివాక చైర్మన్ గారు మార్కుల కాగితం పక్కన పెట్టి, కౌంటర్ల ఇన్‌చార్జిని పిలిపించారు మేడం. మొదటి వారంలో రోజుకి ఎంతమందికి పని చేసి పంపగలరని అడుగుతున్నారు. లెక్క ఇంకా తెగలేదు" అంది.